ఆరు బొమ్మలు ఎటు పోయాయి?

2019 ఠాకురాణి అమ్మవారి యాత్ర ముందు రోజులు. ఒడిశా బరంపురంలో గేట్ బజార్‌లో తెలిసినవాళ్ళ డీటీపీ షాపు. యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది కాబట్టి 2017లో ఇంక్‌స్కేప్‌లో గీసిన ఫ్లెక్సీ ఫైలునే మళ్ళీ తీశారు. ఘటం, పులి వేషం, తోరణం, ఇలా ఆరు పాత ముక్కలు, ఈసారి కలిపినవి మూడు. తొమ్మిదింటినీ విడివిడి పీఎన్‌జీలుగా తీసే బ్యాచ్ ఫైలు నేనే రాసిచ్చాను.

నడిపాను. నల్ల కిటికీ తెరుచుకుని మూసుకుంది. ఫోల్డర్‌లో చూస్తే ఇప్పటి టైముతో మూడే బొమ్మలున్నాయి.

"ఏటి బాబూ, అయిపోయిందన్నావు?" అన్నారు షాపు ఓనరు.

మొదట తెలుగులో ఉన్న ఫైలు పేరును అనుమానించాను. ఇంగ్లిష్‌లోకి మార్చి, పేరులో ఖాళీలు తీసేసినా అంతే. డిస్క్‌లో చోటుకు కొదవ లేదు. పైగా ఆ కారణాలే అయితే తొమ్మిదీ ఆగాలి. మూడు ఎలా వచ్చాయి? వచ్చినవేవో చూస్తే, అన్నీ ఈ ఏడాది కలిపినవే.

అప్పుడు నా తప్పు కనబడింది. తెరమీద గోల ఎందుకని బ్యాచ్ ఫైల్లో సందేశాలన్నిటినీ కనబడకుండా 'నల్'కి తోసేశాను. అది తీసి మళ్ళీ నడిపితే ఆరు హెచ్చరికలు వచ్చాయి: ఫైలు దారిలో లేని ఫోల్డర్ ఉంది అని. ఆ దారి సీ డ్రైవ్, యూజర్స్, తర్వాత ఎవరిదో పేరు, డెస్క్‌టాప్. అది నేనెక్కడా టైప్ చెయ్యలేదు. ఓనరు తొంగిచూసి, "ఇది తిత్లీలో తడిసిపోయిన మా పాత సిస్టం పేరు కదా" అన్నారు. 2018 అక్టోబరు తుపానులో పోయిన కంప్యూటర్ అది.

ఆ ఫ్లెక్సీ ఫైలు ఎస్‌వీజీ, అంటే అక్షరాల ఫైలే కనుక నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'ఎక్స్‌పోర్ట్-ఫైల్‌నేమ్' అని వెతికాను. ఘటం బొమ్మ పక్కనే ఆ పాత దారి పూర్తిగా రాసి ఉంది. ఇంక్‌స్కేప్‌లో ఒక ముక్కను చేత్తో ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలు సేవ్ చేస్తే, ఎక్కడికి పంపామో, ఎంత డీపీఐతో పంపామో ఆ ముక్కతోనే గుర్తు ఉండిపోతుంది. నా కమాండ్‌లో 'ఎక్స్‌పోర్ట్-యూజ్-హింట్స్' పెట్టాను, అంటే ఆ గుర్తునే నమ్మమని చెప్పాను. కొత్త మూడింటినీ షాపు కుర్రాడు ముందురోజు ఇదే మెషీన్‌లో చేత్తో తీశాడు, అందుకే వాటి దారి చెల్లింది.

రుజువు కోసం అదే పేర్లతో ఫోల్డర్లు చేసి మళ్ళీ నడిపాను. ఆరు బొమ్మలూ వచ్చి అందులో పడ్డాయి!

లేని ఫోల్డర్‌ను ఇంక్‌స్కేప్ తనంతట తాను సృష్టించకపోవడమే మంచిదని నేననుకుంటాను. సృష్టిస్తే ఒక్క అక్షరం తప్పు కొట్టినా బొమ్మలు ఏ మూలకో పోతాయి, యాత్ర ముందురోజు వాటిని వెతుక్కోవాలి. అది చెప్పాల్సింది చెప్పింది. నోరు నొక్కింది నేను.

ప్రతి ముక్కకూ 'ఎక్స్‌పోర్ట్-పీఎన్‌జీ' అని దారి విడిగా ఇచ్చాను. అలా ఇస్తే లోపలి దారిని పట్టించుకోదు, డీపీఐ మాత్రం వాడుకుంటుంది. (2020లో వచ్చిన ఇంక్‌స్కేప్ 1.0లో ఆ మాట 'ఎక్స్‌పోర్ట్-ఫైల్‌నేమ్' అయింది.) సందేశాలను ఒక లాగ్ ఫైల్లోకి మళ్ళించాను. ఫోల్డర్ లేకపోతే ముందే తయారుచేసే లైను పెట్టాను.

"రెండేళ్ళ తర్వాత ఈ సిస్టం కూడా ఉంటాదో ఉండదో" అన్నారు ఓనరు.

అందుకే దారి మొదట్లో డ్రైవ్ పేరు కొట్టేసి పర్సెంట్, టిల్డా, డీ, పీ, సున్నా రాశాను. బ్యాచ్ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంటే బొమ్మలూ ఆ ఫోల్డర్‌లోనే పడతాయి.