కామాటిపురపు అద్దె యిండ్లు

బొంబాయి నగరమున గ్రాంటురోడ్డునకు సమీపమున నున్న కామాటిపురము తెలుగువారి మూలమున పేరు పొందిన పేట. 18వ శతాబ్ది చివర మహాలక్ష్మి, వర్లీల నడుమ సముద్రపు గండి పూడ్చబడిన పిమ్మట ఆ పల్లపు నేలలు ఆరినవి. తెలంగాణము నుండి పనులకై వలసవచ్చినవారు అచ్చట నివాసము లేర్పరచుకొనిరి. వారిలో మున్నూరుకాపులు, పద్మశాలీలు మొదలగు పలు కులములవారున్నను, ఇరుగుపొరుగు భాషలవారికి అందరును కామాటీలే. ఆ పేట తరువాతి కాలమున వేరొక అపఖ్యాతికి లోనగుటచే, దానిని నిలబెట్టిన కూలీల, మేస్త్రీల చరిత్ర మరుగునపడినది.

రాయి మోయుటతో మొదలిడిన ఈ జనులలో కొందరు గుత్తేదారులైరి. మహాత్మా జ్యోతిబా ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వెంకు బాలాజీ కాలేవారు వంటి తెలుగు గుత్తేదారులుండిరి. వారి పేళ్ల తీరే మరాఠీ, తెలుగుల పొందికను తెలుపుచున్నది.

గుత్తపనిలో వచ్చిన లాభమును ఎచ్చట నుంచవలెను? పొలము కొందమన్న స్వగ్రామము దూరము. వ్యాపారమునకు తరతరాల అనుభవము లేదు. తెలిసిన విద్య ఇల్లు కట్టుట. కనుక చాలు కట్టుటయో, కట్టిన చాలును కొనుటయో వారికి సహజమైన మార్గమయ్యెను. చాలనగా మూడు నాలుగంతస్తుల కట్టడము. అంతస్తున కొక పొడుగైన వసారా, దానివెంట వరుసగా ఒంటిగదులు, కొసను అందరికిని ఉమ్మడి కొళాయి, మరుగుదొడ్డి. ఒక్కొక్క గదికి, అనగా ఖోలీకి, ఒక కుటుంబము. పెద్ద భవనమునకు ఒకడే బాడుగదారు. వాడు లేచిపోయిన రాబడి నిలిచిపోవును. చాలులో అట్లుకాదు; ఒక గది ఖాళీయైనను తక్కినవి ఆదుకొనును. మిల్లుల సంఖ్య పెరిగిన నగరములో ఖోలీ చాలకాలము ఖాళీగా నుండుట అరుదు. కట్టినవాడును, కొన్నవాడును, అద్దెకున్నవాడును తెలుగువాడే యగుట కామాటిపురమున వింత కాదు.

ఇట్టి యింటి విలువను ఆనాడు గోడలనుబట్టి గాక అద్దెనుబట్టి కట్టెడివారు. మరమ్మతులు, పన్నులు పోగా మిగిలిన యేటి అద్దెను ఇన్ని యేండ్లకని హెచ్చవేయుటయే లెక్క. 1896లో ప్లేగు వ్యాపించిన పిమ్మట, 1898లో ఏర్పడిన బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఇరుకు పేటలను కూల్చుటకై ఇండ్లను స్వాధీనపరచుకొనునపుడును పరిహారము అద్దె రాబడిపైననే ఆధారపడెడిది. దీనివలన గదులలో జనమును క్రిక్కిరిపించినవానికే ఎక్కువ ధనము ముట్టుట న్యాయమో కాదో చెప్ప నక్కరలేదు. అయినను లెక్కకు మూలము స్పష్టము: అద్దె పెరిగిన ఇంటి విలువయు పెరుగును. యజమానుల నమ్మకమంతయు ఈ సూత్రముపై నిలిచియుండెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున అద్దెలు మిన్నంటగా 1918లో యుద్ధకాలపు అద్దె నియంత్రణ చట్టము వచ్చెను. అది శాశ్వతము కాలేదు. 1947 నాటి బొంబాయి అద్దెల చట్టము మాత్రము యజమానుల లెక్కను తలక్రిందులు చేసినది. అది 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెను ప్రామాణికముగా నిలిపినది. పురపాలక పన్ను హెచ్చినను, యజమాని చేర్పులు చేసినను కొంత కలుపుకొనవచ్చును, అంతకుమించి పెంచరాదు. తాత్కాలికమని చెప్పబడిన ఆ చట్టము పలుమార్లు పొడిగింపబడి అర్ధశతాబ్ది సాగెను.

ఐదు రూపాయల ఖోలీ యనుకొందము. 1940లో ఆ సొమ్మునకు గల కొనుగోలు శక్తి 1970 నాటికే చాలవరకు హరించినది. అద్దె మాత్రము ఐదే. సున్నము, కలప, కూలి మూడును పెరిగినవి. యజమాని మరమ్మతు మానెను; వానలకు మెట్లు, వసారాలు కూలుట మొదలయ్యెను. చట్టము మూసిన ద్వారమునకు ప్రక్కన పగిడీ యను దొడ్డిదారి తెరువబడినది. పగిడి యనగా తలపాగా. ఖోలీ చేతులు మారునపుడు పుచ్చుకొను ఈ ముడుపునకు ఆ పేరు గౌరవార్థమే కాబోలు; రసీదు మాత్రము ఉండెడిది కాదు.

ఈ చట్టము అన్యాయమని యజమానులు వాదించిరి. కాని ఖోలీలోని కుటుంబము కథ వేరు. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె ప్రారంభమై కూలి నిలిచిపోయినపుడు, ఎందరో పద్మశాలీ నేతకార్మికులకు తలపై కప్పు నిలిచినదన్న అది పాత అద్దె వలననే. ఒకే భాష మాటలాడువారు రసీదుకు ఇరుప్రక్కల నిలిచిరి. ఇరువురి కష్టమును నిజమే.

కూలు ఇండ్లను చూచి ప్రభుత్వము 1969లో మరమ్మతుల బోర్డును ఏర్పరచు చట్టము చేసి పాత కట్టడములపై సెస్సు విధించినది. ఇట్టివి సుమారు 19,600 అని లెక్క. 1940 సెప్టెంబరు 1కి పూర్వము కట్టినవి ‘ఏ’ తరగతివి. అద్దెను స్తంభింపజేసిన తేదీయే ఇచ్చటను గీటురాయి యైనది. పిమ్మట 1986 సవరణ మరొక అడుగు వేసెను. అద్దెదారులలో నూటికి 70 మంది సహకార సంఘముగా కోరినచో కట్టడమును స్వాధీనపరచుకొని వారికీయవచ్చును. యజమానికి పరిహారము నెల అద్దెకు నూరు రెట్లు. నూరు నెలలనగా ఎనిమిదేండ్ల నాలుగు నెలలు. అద్దెను ఏండ్లతో హెచ్చవేయు పూర్వపు పద్ధతియే తిరిగి వచ్చినది. హెచ్చవేయబడు అద్దె మాత్రము పాతది. మన ఐదు రూపాయల ఖోలీకి వచ్చునది ఐదువందలు.

1997 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము, కాలక్రమమున ఈ అద్దె స్తంభన అసమంజసమైనదని తీర్పు చెప్పినది. 2000 మార్చి 31 నుండి అమలైన మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము అద్దెను మొదట నూటికి 5, తరువాత ఏటేట నూటికి 4 చొప్పున పెంచుకొననిచ్చి, పగిడీకిని చట్టసమ్మతి కల్పించినది. ఏటి పెంపును చక్రవడ్డీ రీతిని లెక్కించినను, ఆ ఖోలీ అద్దె 2025 నాటికి సుమారు 14 రూపాయలు.

1986 సవరణను ప్రశ్నించిన యజమానుల సంఘపు వ్యాజ్యము 1992లో సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. 2024 నవంబరు 5న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ప్రతి ప్రైవేటు ఆస్తియు సమాజపు భౌతిక వనరు కాజాలదని అధికసంఖ్యాక నిర్ణయము వెలువరించినది. ఆ రాజ్యాంగ ప్రశ్నకు సమాధానము లభించులోపల ముప్పదిరెండేండ్లు గడచినవి. ఖోలీల రసీదులు అన్నియేండ్లును నెలనెల వ్రాయబడుచునే యుండెను.