భగేలా నుంచి బటాయికి: నారాయణఖేడ్ సీమలో సేద్యగాళ్ల చరిత్ర

నారాయణఖేడ్ తాలూకా 1956 నవంబరు 1 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండి, భాషాప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మెదక్ జిల్లాలోకి, 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాలోకి మారింది. తెలుగు, కన్నడ, మరాఠీ కలిసి వినిపించే ఈ నల్లరేగడి సీమలో జొన్న, కంది, పెసర, మినుము ఎవరి చేతుల మీదుగా పండాయో, పండినది ఎవరి గరిసెలకు చేరిందో పట్టాదారుల జాబితాలు చెప్పవు. అది తెలియాలంటే భగేలా అనే అప్పుజీతపు పద్ధతిని, దాని నుంచి బయటపడినవారిలో చాలామంది చేరుకున్న బటాయి సేద్యాన్ని, అంటే పంటలో పాలు పంచుకునే సాగును, ఒకే చరిత్రగా చదవాలి.

వెట్టికీ భగేలాకూ తేడా ఉంది. వెట్టి కులాన్ని బట్టి, ఊరి అధికారులకూ దొరలకూ ప్రతిఫలం లేకుండా చేయవలసిన చాకిరీ కాగా, భగేలా అప్పును బట్టి ఒక మనిషిని ఒకే ఇంటికి కట్టివేసే ఏర్పాటు. పెండ్లికో, చావుకో, కరువునాటి గింజలకో పట్టాదారు దగ్గర చేబదులు తెచ్చుకున్నవాడు ఆ బాకీ తీరేదాకా అతని ఇంట జీతం ఉండేవాడు; అతని శ్రమ వడ్డీ కిందికే పోయేది గనుక అసలు తరిగేది కాదు, జబ్బుపడి పనికి రాని రోజులు సైతం బాకీలోకే ఎక్కేవి. తండ్రి చనిపోతే కొడుకు ఆ కొట్టంలోనే నిలబడేవాడు. భార్య పేడకళ్లు ఎత్తేది, పిల్లలు పసులు కాసేవారు. ఈ బంధంలో చిక్కుకున్నవారిలో అత్యధికులు దళితులు. బీదరు కోట దగ్గరి హబ్షీకోట్‌లో ఆఫ్రికా నుంచి వచ్చి బహమనీల కొలువులో ప్రభువుల స్థాయికి ఎదిగినవారి సమాధులు నేటికీ నిలిచి ఉన్నాయి. అదే సీమలో తరతరాలుగా నాగలి పట్టిన అప్పుబానిసలకు మాత్రం ఊరి లెక్కల్లో పేరు కూడా మిగలలేదు.

ఈస్టిండియా కంపెనీ పాలించిన ప్రాంతాలలో బానిసత్వానికి చట్టపు గుర్తింపును తొలగించిన 1843 నాటి అయిదో చట్టం నిజాం రాజ్యానికి వర్తించలేదు. నిజాం పాలన చివరి దశాబ్దాలలో భగేలా ఒప్పందాలను అదుపు చేసే నియమావళి వచ్చినా, దాన్ని ఊళ్లో అమలు జరపవలసిన పటేల్, పట్వారీలు తరచుగా అప్పిచ్చినవారికే బంధువులో, స్వయంగా అప్పిచ్చినవారో కావడంతో, చదువురాని జీతగాడికి అది అక్కరకు రాలేదు. నారాయణఖేడ్‌కు దూరం కాని జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తర్వాత వెట్టిని ఖండిస్తూ ఉద్యమం బలపడినా, అప్పు పేరుతో ఇంటి లోపల జరిగే దాస్యం బహిరంగ సభల దృష్టికి అంత తేలికగా అందలేదు.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. మరుసటి ఏడు హైదరాబాద్ కౌల్దారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చి, నిర్ణీత కాలంగా ఇతరుల భూమిని సాగుచేస్తున్నవారిని రక్షిత కౌలుదార్లుగా, అంటే పట్టాదారు ఇష్టానుసారం తొలగించలేని సాగుదార్లుగా గుర్తించింది. ఈ చట్టంలో జీతగాళ్ల తలరాతను నిర్ణయించిన నిబంధన ఒకటి ఉంది. పంటలో పాలు తీసుకొని దున్నేవాడు కౌలుదారు కాగలడు; నగదుకో గింజలకో జీతం ఉండి దున్నేవాడు, యజమాని పర్యవేక్షణలో పనిచేసే కూలి కౌలుదార్లు కారు. దీనివల్ల ఒకే చేను గట్టుకు అటు బటాయిదారుకు హక్కు దక్కే అవకాశం ఏర్పడగా, ఇటు అంతకంటే ఎక్కువ కాలం అదే మట్టిని దున్నిన భగేలా పనివాడు పరాయివాడిగానే మిగిలాడు. భూసంస్కరణ అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నవాణ్ణే సంస్కరణ గడప బయట నిలబెట్టడం ఈ చట్టంలోని అతి పెద్ద లోపం.

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో 1865లో బానిసత్వం రద్దయ్యాక జరిగిన దానితో దీన్ని పోల్చి చూడవచ్చు. అక్కడ విముక్తులైన నల్లజాతివారికి నలభై ఎకరాల చొప్పున ఇస్తామన్న సైనికాధికారి ఉత్తర్వు కొద్ది నెలల్లోనే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ చేతిలో వమ్మయి, వారు పాత యజమానుల చేలల్లోనే పాలుకు దిగవలసి వచ్చింది. జార్జియా అత్యున్నత న్యాయస్థానం 1872లో పాలుకు చేసేవాడు కౌలుదారు కాడని, కూలివాడేనని తేల్చింది. హైదరాబాద్ చట్టం పాలుదారును కౌలుదారుగా ఒప్పుకొని ఆ మేరకు ముందడుగు వేసింది గాని, దాని ఫలం నిలవలేదు. జాగీరు ప్రాంతాలలో భూసంస్కరణల ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో, 1951లో రక్షిత కౌలుదార్లుగా నమోదైనవారిలో నాలుగేళ్లకే ఆ హోదాలో మిగిలినవారు సగం కన్నా తక్కువని, భూమిని కొనుక్కోగలిగినవారు సుమారు 12 శాతం కాగా చట్టవిరుద్ధంగా తొలగింపబడినవారు సుమారు 22 శాతమని, మరో 17 శాతం మంది తమంతట తాము వదులుకున్నట్లు రాయించారని చూపారు. ఊళ్లో పట్టాదారు మాటకు ఎదురు చెప్పలేని మనిషి వేసిన వేలిముద్రను స్వచ్ఛంద త్యాగంగా ఎంచడం న్యాయం కాదు.

బటాయి అంటే పంటలో సగం సగం అని చెప్పుకొన్నా, కల్లంలో లెక్క అలా తేలేది కాదు. ఎడ్లు, విత్తనాలు పట్టాదారువైతే వాటి విలువ ముందుగా తీసేవారు. వానాకాలంలో తెచ్చుకున్న తిండిగింజలకు నాగు, అంటే గింజల అప్పు మీద గింజలుగానే కట్టే వడ్డీ, సేద్యగాడి పాలులోంచే కొలిచేవారు. మిగిలినది సంక్రాంతి దాటాక ఎన్నాళ్లో రాకపోతే అతడు మళ్లీ ఆ గడపకే అప్పుకు వెళ్లేవాడు.

రాష్ట్రాల పునర్విభజన ఈ సీమ వరకు మరో విచిత్రమైన ఫలితాన్నిచ్చింది. కర్ణాటకలో చేరిన ఔరాద్, బీదరు తాలూకాలలో 1974 మార్చి 1 నుంచి కౌలు భూములన్నీ ప్రభుత్వపరమై, ఆనాడు సాగులో ఉన్న కౌలుదారుకు హక్కు కోరుతూ దరఖాస్తు పెట్టుకునే వీలు కలిగింది. నారాయణఖేడ్ వైపు మాత్రం 1973లో అమలైన, హైదరాబాద్ కౌల్దారీ చట్టంలోని 38-ఇ సెక్షన్ పాత రిజిస్టరులోని రక్షిత కౌలుదార్లకే యాజమాన్యం కల్పించింది. ఆ తర్వాత బటాయికి దిగినవారు, వారిలో భాగమైన మాజీ భగేలాలు, దాని పరిధిలోకి రాలేదు.

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా, అప్పుకు కట్టుబడిన చాకిరీని నిర్మూలించే శాసనం వచ్చి, కట్టుబానిసల బాకీలన్నీ రద్దయినట్లు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని కాగితం మీద నుంచి ఊళ్లలోకి తెచ్చినవారిలో ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ పేరు ముందు చెప్పుకోవాలి. అయితే బాకీ రద్దయిన మర్నాడు ఏం తినాలనేది భూమి లేనివారికి తెగని సమస్యగానే ఉండిపోయింది. పంపిణీలో దళితులకు చేరిన అసైన్డు భూములు చాలాచోట్ల రాళ్లు తేలిన పలుచని నేలలు. వాటిని సేద్యానికి తేవచ్చని పొరుగున ఉన్న జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా సంఘాలు 1980ల నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో జొన్న, కొర్ర, కంది కలిపి పండించి నిరూపించాయి; పడావు నేలలను కౌలుకు పట్టి పండించిన ఆ స్త్రీల కృషి ఈ చరిత్రలో అత్యంత ఆశాజనకమైన భాగం.

అయినా అప్పుకు కట్టుబడి పనికి పోవడం ఆగలేదు: నారాయణఖేడ్, కంగ్టి, మనూరు పరిసరాల తండాలు, దళితవాడల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు ముందుగా అడ్వాన్సు తీసుకొని కర్ణాటక, మహారాష్ట్రల వైపు చెరకు నరకడానికి వెళ్తున్నాయి. ఊళ్లో ఉండి కౌలు చేసేవారి పరిస్థితి కూడా మెరుగు కాదు. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది, భూరికార్డుల ప్రక్షాళనలో సాగుదారు పేరు రాసే గడి తొలగిపోయింది.

1950ల నాటి రక్షిత కౌలుదార్ల రిజిస్టర్లను, 1954-55 నాటి ఖాస్రా పహాణీలను గ్రామాల వారీగా చదివి, వాటిలో పేరు లేని జీతగాళ్ల కుటుంబాలలో నాటి సంగతులు తెలిసిన వృద్ధులు బతికి ఉండగానే వారి మాటలను రాసిపెట్టే పనికి ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు, చదువుకున్న యువకులు పూనుకోవాలి.