జకార్తా విజయము - రహీం సాహెబు శిక్షణ

ఆసియా క్రీడోత్సవములలో భారత ఫుట్‌బాల్ జట్టు రెండు పర్యాయములు స్వర్ణపతకము గెలుచుకొన్నది. మొదటిది 1951లో ఢిల్లీలో, రెండవది 1962లో జకార్తాలో. రెండింటికిని శిక్షకుడు ఒక్కరే. ఆయన హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా జీవితమారంభించిన ఆయనను ఆటగాండ్రందరును రహీం సాహెబు అని గౌరవముతో పిలిచెడివారు.

ఢిల్లీ విజయము తరువాతి సంవత్సరమే, 1952 హెల్సింకి ఒలింపిక్సులో, మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడినది. మనవారిలో పలువురు నాడు వట్టికాళ్లతో ఆడినారు. ఆ పరాభవము రహీంగారిని క్రుంగదీయలేదు. ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును పాఠశాలవలె నడిపినారు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనని నియమము పెట్టి పోటీలు జరిపించినారు. బంతి తనవద్ద నిలుపుకొనక వెంటనే తోటివానికి అందించుట అలవాటు చేసినారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు నాల్గవ స్థానము పొందుటకు ఈ శ్రమయే పునాది.

ఇక 1962 ఆగస్టులో జకార్తా. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించినది. థాయిలాండుపై 4-1తో గెలిచితిమి గాని, ఆ ఆటలోనే రక్షణపంక్తికి ఆయువుపట్టైన జర్నయిల్ సింగు తలకు గాయమై, కుట్లు పడినవి. ఆయన లేకుండగనే జపానును 2-0తో జయించితిమి. సెమీ ఫైనలుకు గాయపడిన బ్యాకును కూర్చుండబెట్టుటయే మరొకరైనచో చేయుపని. రహీంగారు ఆయనను సెంటర్ ఫార్వర్డుగా ముందునకు పంపినారు. దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన ఆ ఆటలో చునీ గోస్వామి రెండు గోలులు చేయగా, జర్నయిల్ ఒకటి చేసినారు.

అప్పటికి నగరము మనకు విముఖమై యున్నది. ఇజ్రాయెల్, తైవాను దేశములకు ప్రవేశము నిరాకరించుటను మన దేశమునకు చెందిన ఒలింపిక్ ప్రముఖులు జి.డి. సోంధీ ఆక్షేపించినారు. దానిపై ఆగ్రహించిన జనులు భారత దౌత్య కార్యాలయముపై దాడి చేసినారు. సెప్టెంబరు 4న ఫైనలు. ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే. క్రీడాంగణము నిండ మనకు వ్యతిరేకముగా కేకలు. ఆ హోరులో పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మన పక్షమున ఉత్సాహపరచినారని తరువాత మనవారు చెప్పినారు.

గోలులో జ్వరమునుండి లేచిన పొడగరి తంగరాజు నిలిచినారు. ముందుపంక్తిలో సికిందరాబాదు ప్రాంతపు తులసీదాసు బలరాం, హైదరాబాదు యూసఫ్ ఖాన్ ఉన్నారు. పదునేడవ నిముషమున పి.కె. బెనర్జీ, ఇరువదవ నిముషమున తలకు కట్టుతోనున్న జర్నయిల్ గోలులు చేసినారు. కొరియా చివరలో ఒకటి మాత్రమే తీర్చగలిగినది. 2-1తో స్వర్ణము మనదైనది.

కొలది దినములలోనే అదే ప్రత్యర్థి, దాదాపు అదే జట్టు. ఫలితము మాత్రము తారుమారు. దీనిని అదృష్టమనుట న్యాయము కాదు. ఎవరిని ఎచ్చట నిలుపవలెనో ఎరిగిన వివేకము, ఏ స్థానమున నిలిపినను ఆడగల అభ్యాసము కలిసి చేసిన పని యిది.

ఆ వివేకమునకు ఆయువు చాలలేదు. అప్పటికే ఊపిరితిత్తుల కేన్సరు ఆయనను తినివేయుచున్నది. 1963 జూన్ 11న రహీంగారు కన్నుమూసినారు. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు దక్కినది 1970లో బ్యాంకాకున ఒక కాంస్యమే. ఆటగాండ్రను తయారుచేసిన ఆయన, తనవంటి శిక్షకులను తయారుచేయుటకు వ్యవధి చిక్కక వెళ్లిపోయినారు. ఆ పని తరువాతివారును పట్టుదలతో చేపట్టలేదు. పతకముల పట్టికలో కనబడని ఈ నష్టమునే మనము ముందుగా లెక్కకు తెచ్చుకొనవలెను.