చెవి వినకపోతే మాట ఎలా వస్తుంది?



"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లు" అని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! ఎంత చెప్పినా వృథా అని దాని అర్థం. వినపడని మనిషికి ఏమీ నేర్పలేమన్న పాతకాలపు నమ్మకమే ఆ మాట వెనక ఉంది. ఆ నమ్మకం ఎలా వీగిపోయిందో, అందులో తల్లుల పాత్ర ఎంతటిదో ఈవేళ ముచ్చటించుకుందాం.

ముందుగా ఒక సంగతి. పుట్టుచెవుడు ఉన్న పిల్లల్ని "మూగ, చెవుడు" అని జంట కట్టి పిలవడం మనకు అలవాటు. నిజానికి వాళ్ళలో చాలామందికి గొంతులో లోపమేమీ ఉండదు. ఏడుస్తారు, కేరింతలు కొడతారు, పకపకా నవ్వుతారు. తెలుగువారింట పెరిగిన బిడ్డకు తెలుగు, ఉర్దూ మాట్లాడే ఇంట పెరిగిన బిడ్డకు ఉర్దూ వస్తాయంటే వినడం వల్లనే కదా! చెవిన పడని మాట నోటికి ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి?

ఈ సత్యం గ్రహించి బడి పెట్టినవారిలో ముందువరుసలో నిలిచేది ఫ్రాన్సు దేశపు మతగురువు అబే ద లెపే. 1760 ప్రాంతంలో పారిస్‌లో బధిర బాలబాలికలను చేరదీసి, వాళ్ళు వాడుకునే చేతి సైగల ద్వారానే చదువు చెప్పాడాయన. 1778లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో శామ్యూల్ హైనికె మరో బడి తెరిచి, సైగలు కాదు, పెదవుల కదలిక చూసి నోటితో పలకడమే నేర్పాలన్నాడు. అప్పుడు మొదలైన తగువు 1880లో ఇటలీలోని మిలాన్ మహాసభ దాకా వెళ్ళింది. అక్కడ చేరిన ఉపాధ్యాయుల్లో ఇంచుమించు అందరూ చక్కగా వినగలిగినవాళ్ళే. బడుల్లో నోటిమాటే ముఖ్యం, సైగలు కూడదని వాళ్ళు తీర్మానించేశారు! ఎవరి బతుకు గురించి ఆ తీర్మానమో వాళ్ళను అడిగే దిక్కు లేకపోయింది.

మన దేశంలో బొంబాయి బడి 1880ల్లోనూ, కలకత్తా బడి 1893లోనూ వెలిశాయి. మిలాన్ ప్రభావం ప్రపంచమంతటా పాకిన రోజులవి. చేతులు కట్టుకుని నోటితో పలకమని పసివాళ్ళను శాసించిన బడులు ఎన్నో. ఆ తీర్మానం పొరపాటని అంతర్జాతీయ మహాసభ విచారం ప్రకటించింది 2010లో, కెనడాలోని వాంకూవర్‌లో. నూటముప్పై ఏళ్ళు పట్టింది చూశారా!

ఇక ఒక తల్లి కథ. అమెరికాలో సినీనటుడు స్పెన్సర్ ట్రేసీ భార్య లూయీజ్. ఊయల వయసులో ఉన్న కొడుకు జాన్, పక్కనే తలుపు దభాలున పడినా కదలకుండా నిద్రపోవడం ఆమె గమనించింది. వైద్యులు చెవుడని తేల్చారు. ఆవిడ కుంగిపోలేదు, తానే పిల్లవాడికి గురువైంది. 1942లో లాస్ ఏంజిలిస్‌లో తన వంటి తల్లుల కోసం ఒక సంస్థ స్థాపించి, ఇంట్లోనే బిడ్డకు భాష నేర్పుకునే పాఠాలను పోస్టులో ఉచితంగా పంపించింది. ఆ పాఠాలు ఎన్నో దేశాల తల్లులకు చేరాయి. బధిర శిశువుకు తొలి బడి ఇల్లేనని లోకానికి చాటిన ఇల్లాలు ఆవిడ.

మన జంటనగరాల సంగతికి వద్దాం. హైదరాబాదు కుటుంబానికి చెందిన నవాబ్ అలీ యావర్ జంగ్ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేశారు, మహారాష్ట్ర గవర్నరుగా ఉంటూ 1976లో కన్నుమూశారు. 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ వినికిడి సంస్థకు ఆయన పేరే పెట్టారు. దాని దక్షిణ ప్రాంత కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఉంది. వినికిడి పరీక్షలు చేయడం, పరికరాలు అమర్చడం, మాట నేర్పడం, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం అక్కడి పని. మలక్‌పేటలో ప్రభుత్వ బధిర పాఠశాల ఉంది.

వైద్యమూ ముందుకు సాగింది. శబ్దం చేరినప్పుడు లోపలి చెవి తానూ సన్నని ప్రతిధ్వని పంపుతుందని 1978లో ఇంగ్లండులో డేవిడ్ కెంప్ కనుగొన్నారు. ఆ ఆధారంతోనే ఈనాడు పురిటిబిడ్డకు, నిద్రలో ఉండగానే, నిమిషాల్లో పరీక్ష చేస్తున్నారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల, లక్షలు ఖర్చయ్యే కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స పేదింటి పిల్లలకూ అందింది. గర్భిణికి సోకితే బిడ్డ వినికిడి పోగొట్టగల రుబెల్లాకు 2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాలు రెండింటా పెద్దఎత్తున టీకాలు వేశారు. మేనరికాల వల్ల వంశపారంపర్యపు చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుందన్నదీ మరిచిపోకూడదు.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ప్రారంభమైంది. ఆ చుట్టుపక్కల కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో కాపురముంటున్న చెల్లెళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. బిడ్డకు రెండేళ్ళొచ్చినా మాట రాకపోతే, "సెల్‌ఫోను చూపించడం వల్లే" అని ఒకరు, "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఇంకొకరు సర్దిచెబుతుంటారు. కావచ్చు, కాకపోవచ్చు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. నెలలోపు పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు కావాలని నిపుణుల మాట. భాష నాటుకోవడానికి మెదడు తెరిచి ఉంచే తలుపులు తొలి మూడు నాలుగేళ్ళే బాగా తెరుచుకుని ఉంటాయి. ఈ ఐటీ ఆఫీసుల్లో పని అంతా తెరమీద రాతతోనే కాబట్టి చెవుడు అడ్డు కాదంటారు. నిజమే. కానీ చిన్ననాడు ఏ భాషా అందని బిడ్డకు ఆ రాత మాత్రం ఎలా అబ్బుతుంది?

మరి ఇంట్లో మనం చేయగలిగిందేమిటి? బిడ్డ ఎదుట, వాడి కళ్ళకు సమానంగా కూర్చోండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి. అరవనక్కరలేదు, మామూలుగా, స్పష్టంగా మాట్లాడితే చాలు. టీవీ కట్టేయండి. బియ్యం కడుగుతూ, వంకాయ తరుగుతూ, బట్టలు మడతపెడుతూ ఆ వస్తువు చూపించి పేరు చెప్పండి. ఒకసారి కాదు, వందసార్లు. యంత్రం మెలకువగా ఉన్నంతసేపూ చెవికి ఉండాలి. పొద్దున్నే ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు ధ్వనులు పలికి, బిడ్డకు వినిపిస్తున్నాయో లేదో చూసుకోండి. డేనియల్ లింగ్ అనే ఆచార్యుడు చెప్పిన ఉపాయమిది. ఖర్చు లేనిది.

సైగలు నేర్పితే మాట రాదేమోనని భయపడకండి. బిడ్డకు ముందు కావలసింది భాష. అది చెవి ద్వారా అయినా సరే, కంటి ద్వారా అయినా సరే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞాభాషను గుర్తించింది. భారతీయ సంజ్ఞాభాషా నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు చేరింది. బిడ్డతోపాటు అమ్మా, నాన్నా, నానమ్మా నేర్చుకుంటే ఇల్లంతా ఒకే భాషలో ఉంటుంది. లేకపోతే పదిమంది మధ్య భోజనానికి కూర్చుని కూడా వాడు ఒంటరివాడే.

అంచేత అమ్మలూ, శంఖం సామెతను ఇక పక్కన పెడదాం. వినపడని బిడ్డకు చెప్పిన మాట వృథా కాదు. వాడికి అందే దారిలో చెప్పామా లేదా అన్నదే చూసుకోవాలి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పిలిస్తే తిరిగి చూడని పసివాడు ఉంటే రేపటికి వాయిదా వేయకండి.