వెట్ ఫ్లై, డ్రై ఫ్లై: గాలం చివర ఓ మతయుద్ధం

వీఐ గొప్పదా, ఈమాక్స్ గొప్పదా అని జనం కొట్టుకోవడం చూసినప్పుడల్లా నాకు ఇంగ్లండ్ ట్రౌట్ చేపల గొడవ గుర్తొస్తుంది.

గాలానికి ఈకలూ, పట్టుదారం చుట్టి పురుగులా కనిపించేట్టు చేస్తే అది ఫ్లై. నీళ్ళలో మునిగేది వెట్ ఫ్లై, తేలేది డ్రై ఫ్లై. వీటిలో మునిగేదే పాతది. 1857లో స్టీవార్ట్ అనే స్కాట్లండ్ ఆయన 'ది ప్రాక్టికల్ యాంగ్లర్' రాసి, దాన్ని ఎగువకి విసరమన్నాడు. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు తిరిగి ఉంటుంది కదా, వెనకనుంచి వెళ్తే మనల్ని చూడదన్నమాట.

తర్వాత 1886లో హాల్‌ఫోర్డ్ తేలే ఫ్లైల మీద పుస్తకం తెచ్చాడు. పద్ధతి మంచిదే. కానీ ఆయన అభిమానులు దాన్ని దక్షిణ ఇంగ్లండ్ ఏర్లలో శాసనం చేసి కూర్చున్నారు. వెట్ ఫ్లై వేసేవాడు పెద్దమనిషే కాదట!

స్క్యూస్ అనే లండన్ లాయరు మాత్రం పట్టిన చేప పొట్టలో ఏముందో చూశాడు. రెక్కలు విప్పని, నీటిలోపలి పిల్లపురుగులే బోలెడు. అందుకే మునిగే ఫ్లై తప్పు కాదంటూ 1910లో పుస్తకం రాశాడు. అయినా గొడవ ఆగలేదు. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో ఇదే విషయం మీద చర్చ పెట్టారు. అప్పటికి స్క్యూస్‌కి 79 ఏళ్ళు!

నన్నడిగితే హాల్‌ఫోర్డ్ పద్ధతిలో తప్పేం లేదు. పద్ధతిని నీతిగా మార్చడమే తప్పు. ఇకమీదట ఎవరైనా "ఇది బెస్ట్ ప్రాక్టీస్, అంతే" అంటే ఒక్కటే అడగండి: చేప పొట్టలో చూశారా?