రజాకార్లు: అండగా నిలిచిన వర్గాలు

రజాకార్లు హైదరాబాద్ సంస్థానంలో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ (స్థాపన 1927) కింద పనిచేసిన సాయుధ దళం. లాతూరు వకీలు కాసిం రజ్వీ 1946లో మజ్లిస్ అధ్యక్షుడయ్యాక ఇది విజృంభించింది. రెండేళ్లు తిరక్కముందే సంస్థానంలో రజ్వీ మాటకు ఎదురులేకుండా పోయింది. అదంతా అతని సొంత బలం కాదు, ఎవరి అవసరం కొద్దీ వాళ్లు అతన్ని మోశారు.

ముందుగా చెప్పుకోవలసింది దేశ్‌ముఖులను. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు కాల్చడంతో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ మీదట వెట్టి చెయ్యం, లెవీ ఇవ్వం అని ఊళ్లకు ఊళ్లు తిరగబడ్డాయి. గడీలకు తుపాకుల కాపలా కావలసివచ్చింది. హిందూ దొరలు చాలామంది రజాకార్లను పిలిపించి, తిండిపెట్టి, ఏ ఇల్లు సంఘపోళ్లదో (ఆంధ్ర మహాసభ వాళ్లదో) చూపించారు. దీన్ని ఉత్త మతకలహంగా చెప్పేవాళ్లు ఈ సంగతి దాటవేస్తారు.

ఇటలీలోనూ కథ ఇలాగే నడిచింది. పో నది మైదానంలో రైతుకూలీల సంఘాలను అణచడానికి ఫాసిస్టు ముఠాలను పోషించింది అక్కడి భూస్వాములే. 1922 అక్టోబరు 28న రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ సైనిక శాసనంపై సంతకం పెట్టకుండా ముస్సోలినీకి దారి వదిలాడు.

ఒక్క రోజు తక్కువ పాతికేళ్లకు, హైదరాబాదులో, 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున, భారత యూనియన్‌తో ఒప్పందానికి ఢిల్లీ బయల్దేరబోతున్న ప్రధాని ఛత్తారీ నవాబు, నిజాం న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్, బృంద సభ్యుడు సుల్తాన్ అహ్మద్‌ల ఇళ్లను మజ్లిస్ గుంపులు చుట్టుముట్టాయి. పోలీసులు వాళ్లను చెదరగొట్టలేదు. నిజాం ఉస్మాన్ అలీఖాన్ గుంపును శిక్షించలేదు సరికదా, రాయబార బృందాన్నే మార్చాడు. ఛత్తారీ రాజీనామా చేశాడు. ఇంతా చేసి నవంబరు 29న కుదిరిన యథాతథ ఒప్పందం ఇంచుమించు మొదటి బృందం సంతకం చేయబోయినదే. మారిందల్లా హైదరాబాదులో పెత్తనం.

కొత్త ప్రధాని లాయక్ అలీ పారిశ్రామికవేత్త. ఉపప్రధాని పింగళి వెంకటరామారెడ్డి. దళిత నాయకుడు బి.ఎస్. వెంకటరావు కూడా మంత్రివర్గంలో చేరాడు. రజ్వీకి పదవి లేదు, అవసరమూ లేకపోయింది.

ఎదురుచెప్పిన ముస్లిములూ ఉన్నారు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో కాల్చి, చెయ్యి నరికారు. ఆరు రోజులకు బైరాన్‌పల్లి బురుజు మీద కాపలా కాసిన ఊరివాళ్లపై రజాకార్లు, నిజాం బలగాలు కలిసే విరుచుకుపడ్డారు. దాదాపు వందమంది చనిపోయారు.

అప్పట్లో పల్నాడుకు కృష్ణే సరిహద్దు, అవతలి గట్టు నిజాందే. ఈ దాడులకు తాళలేక నల్లగొండ వైపు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని గుంటూరు, కృష్ణా జిల్లాలకు వచ్చి తలదాచుకున్నారు. సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్యలో ఒక దళం బెజవాడ నుంచే సూర్యాపేట దారి పట్టింది. అయిదు రోజుల్లో నిజాం సైన్యం లొంగిపోయింది.

రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఊళ్లొదిలి పారిపోయిన దొరల్లో చాలామంది మాత్రం ఖద్దరు కట్టి, సైన్యం వెనకాలే గడీలకు తిరిగొచ్చారు.