బోర్డర్ ఎక్కడుంది?

తిరుమలగిరిలో 1858 నాటి మిలిటరీ జైలు ఒకటుంది, చూడ్డానికి కోటలా ఉంటుంది. డాక్టరు నాకు "బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్" అన్న రోజు ఇంటికొస్తూ దాన్ని చూసి, ఇక నాకూ యావజ్జీవమే అనుకున్నా. మనిషి స్వభావమే జబ్బయితే బాగయ్యేదేముంటుంది చెప్పండి?

తర్వాత చరిత్ర తవ్వితే తెలిసింది, తిరకాసు పేరులోనే ఉందని. 1938లో అమెరికన్ సైకోఎనలిస్టు అడాల్ఫ్ స్టెర్న్, న్యూరోసిస్‌కీ సైకోసిస్‌కీ సరిహద్దులో ఉన్నట్టు కనబడే పేషెంట్లకి ఈ మాట వాడాడు. ఆ సిద్ధాంతం పాతబడింది, పేరు మాత్రం 1980లో డీఎస్ఎమ్-3లోకెక్కి కూర్చుంది. లెగసీ కోడ్‌లో తప్పు పేరున్న వేరియబుల్ లాగన్నమాట! అసలు బాధ వేరు: అదుపు తప్పే ఆవేశం, అయినవాళ్ళు వదిలేస్తారేమోనన్న భయం, తనకి తనే హాని చేసుకోవడం.

దీనికి డీబీటీ అనే చికిత్స తయారుచేసినావిడ మార్షా లినెహాన్. 1961లో, 17 ఏళ్ళప్పుడు, ఆవిడే మానసిక వైద్యశాలలో ఒంటరి గదిలో ఉన్నారు. ఆ సంగతి లోకానికి చెప్పింది 2011లో! ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకోవడం జెన్ నుంచి తీసుకుని, మారే పద్ధతులు దానికి జోడించారు. ఆత్మహత్యాప్రయత్నాల లాంటివి తగ్గుతాయని 1991లో ట్రయల్‌తో చూపించారు.

మేరీ జనారిని బృందం పేషెంట్లని పదేళ్ళు గమనించి 2010లో లెక్క చెప్పింది. 93 శాతం మందికి కనీసం రెండేళ్ళపాటు జబ్బు నెమ్మదించింది. దాంతోపాటు ఉద్యోగం, స్నేహాలు కూడా నిలబడ్డవాళ్ళు సగం మందే. ఆ సగంలోకి నేనింకా చేరలేదు, ప్రయత్నంలో ఉన్నా.

ఈసారి టీమ్‌లో ఎవర్నైనా "ఎర్రగడ్డ కేసు" అని నవ్వేముందు ఈ లెక్క ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వినేవాళ్ళలో నాలాంటివాడు ఉండొచ్చు.